కుక్క గిన్నెలో ప్రకృతి

1965లో లండన్ వైద్యపత్రిక లాన్సెట్‌లో హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక చిన్న పరిశోధన పత్రం అచ్చయింది. రాసినవాళ్లు బెళవాడి, గోపాలన్. తార్నాకలో ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా పేరుపడ్డ ప్రయోగశాలలో పని చేసేవాళ్లు. అది నీలగిరుల్లోని కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చింది. పత్రంలో ఉన్న సంగతి ఇంతే: జొన్నలు ప్రధానంగా ఉన్న తిండి పెడితే కుక్కలకు నల్లనాలుక జబ్బు వచ్చింది.

ఈ జబ్బు పట్టిన కుక్క ముందు తిండి దగ్గరికి రావడం మానేస్తుంది. నోరు పూస్తుంది, చొంగ కారుతుంది, నాలుక ఎర్రబడి తర్వాత కమిలి నల్లబడుతుంది, నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. మందు మాత్రం చాలా చవక. నియాసిన్ అనే విటమిన్ కాస్త పడితే చాలు, రెండు మూడు రోజుల్లో లేచి తిరుగుతుంది.

ఆ శాస్త్రవేత్తలకు కుక్కల మీద పగ ఏమీ లేదు. దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్న సంకటి తప్ప మరొకటి దొరకని పేదలకు అప్పట్లో పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పెచ్చులు లేస్తుంది, కడుపు చెడుతుంది, ముదిరితే మతి చలిస్తుంది. పుస్తకాల్లో అది మొక్కజొన్న తినే దేశాల జబ్బు. జొన్న తినేవాళ్లకెందుకు రావాలి? జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం వల్లనని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదాలన్నిటికీ ముందు తేలాల్సింది, జొన్నకూ జబ్బుకూ సంబంధం ఉందా అన్నది. అది తేల్చడానికి కుక్క కావాలి, ఎందుకంటే మనిషి పెల్లాగ్రాకు కుక్కలో ఉన్న రూపమే నల్లనాలుక.

ఇక్కడ నాకు కావలసింది ల్యూసిన్ కాదు, జొన్న. కల్తీ లేదు, రంగు లేదు, నిలవ ఉంచే రసాయనం లేదు. చేలో కోసి, నూర్చి, విసిరి, ఉడికిస్తే అయిపోయింది. అంత సహజమైన, అంత తక్కువ మార్పులకు గురైన తిండి ఇంకొకటి చూపించడం కష్టం. కుక్కకు ప్యాకెట్టు మేత మానిపించి సహజాహారం పెట్టాలనే ఆలోచన ఇప్పుడు బాగా పాకుతోంది. ఆ ఆలోచనలో మంచి ఉంది, అది తర్వాత చెప్తాను. కానీ అది మొదలవ్వాల్సిన చోటు అడవిలోని తోడేలు దగ్గర కాదు, తార్నాకలోని ఈ కుక్కల దగ్గర అని నా ఉద్దేశం.

ఇవి మొదటివి కూడా కావు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మొక్కజొన్న రొట్టె మీద బతికే పేదలకు పెల్లాగ్రా వచ్చేది. వాళ్ల ఇళ్లలో మిగిలిన అదే రొట్టె తినే కుక్కలకు నల్లనాలుక వచ్చేది. ఈ రెండూ ఒకే లోపం తాలూకు జబ్బులని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ గట్టిగా నమ్మి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఏ లోపమో తెలియకుండానే చనిపోయాడు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెహేమ్ నల్లనాలుక పట్టిన కుక్కకు నికోటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్, ఇచ్చి నయం చేసి చూపించాడు. మనుషుల పెల్లాగ్రాకు మందు అలా దొరికింది.

మరి మొక్కజొన్నకు పుట్టిల్లయిన మెక్సికోలో వేల ఏళ్లుగా అదే తింటూ ఈ జబ్బు లేకుండా ఎలా బతికారు? వాళ్లు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. గింజలో బిగుసుకుపోయి ఒంటికి అందని నియాసిన్ సున్నం వల్ల విడివడుతుంది. మొక్కజొన్నను అమెరికా ఖండాల నుంచి మిగతా ప్రపంచం తెచ్చుకుంది, సున్నం సంగతి అక్కడే వదిలేసింది. తిండిని ఎంత తక్కువ మారిస్తే అంత మంచిదనే సూత్రం ఈ ఒక్క గింజ దగ్గరే దెబ్బతింటుంది.

ఇంకో జట్టు కుక్కపిల్లలు లండన్‌లో ఉన్నాయి. ఎడ్వర్డ్ మెలన్‌బీ వాటికి ఓట్స్ జావ, రొట్టె, పాలు వంటి శుభ్రమైన ఇంటి తిండి పెట్టి, కాళ్లు వంకర తిరిగే రికెట్స్ తెప్పించాడు. కాడ్ చేప నూనె పోస్తే రాలేదు. 1919 నాటి ఈ పని నుంచే కొద్ది ఏళ్లలో విటమిన్ డి బయటపడింది. ఇందులో ఒక మెలిక చాలా కాలం ఎవరికీ తెలియలేదు. మన చర్మం ఎండలో విటమిన్ డి తయారు చేసుకుంటుంది, ఆవు చర్మమూ చేసుకుంటుంది, కుక్క చర్మం చేసుకోలేదు. 1994లో హాలండ్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు తేల్చిన విషయమిది. వీధి మలుపులో మధ్యాహ్నమంతా ఎండకు బొక్కబోర్లా పడుకున్న కుక్కకు ఆ ఎండ నుంచి ఈ విటమిన్ రాదు. చేప, గుడ్డు పచ్చసొన, కార్జం నోట్లో పడాల్సిందే.

సహజాహారం అనగానే తోడేలును సాక్ష్యానికి పిలుస్తారు. కుక్క తోడేలు సంతతి, తోడేలు పచ్చి మాంసం తింటుంది, కాబట్టి కుక్కా అదే తినాలి. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో ఈ వాదన ఇంటింటికీ చేరింది. బార్ఫ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది ఆయన వల్లే. పచ్చి మాంసం, మెత్తటి ఎముకలు, లోపలి అవయవాలు, కాసిని కూరగాయలు అందులో ఉంటాయి.

తోడేలు సాక్ష్యాన్ని 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్లు నిలదీశారు. 12 తోడేళ్ల డీఎన్‌ఏను 14 జాతులకు చెందిన 60 కుక్కల డీఎన్‌ఏతో పోల్చారు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమును క్లోమగ్రంథిలో తయారు చేయించే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటుంది. కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించింది. తర్వాతి దశలు నడిపే జన్యువుల్లోనూ మార్పులున్నాయి. పురాతన ఎముకల్లోని డీఎన్‌ఏ తీసి చూస్తే ఈ ప్రతుల పెరుగుదల ఐరోపా తొలి రైతుల కుక్కల్లో 7,000 ఏళ్ల కిందటికే కనిపిస్తోంది. వ్యవసాయం రాని చోట బతికిన డింగోలకు మాత్రం ఇప్పటికీ తోడేలులాగే 2 ప్రతులే. మనిషి ధాన్యం పండించడం మొదలుపెట్టాక, ఆ ధాన్యం మిగుళ్లు తిని బతకగలిగిన కుక్కకే పిల్లలు ఎక్కువ మిగిలాయి.

అయితే దీన్ని సాగదీసి కుక్క శాకాహారి అయిపోయిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. దానికి ఆవు జీర్ణాశయమూ రాలేదు, మనిషి దవడా రాలేదు. కుక్క లాలాజలంలో అమైలేజ్ దాదాపు ఉండదు, పిండిపదార్థం పేగుల్లోకి వెళ్లాకే అరుగుతుంది, అదీ బాగా ఉడికితే. 2013లోనే వచ్చిన మరో ప్రయోగంలో కుక్కలకు రకరకాల మేతలు ముందు పెట్టి ఏరుకోమంటే, అవి తీసుకున్న శక్తిలో సుమారు 30 శాతం ప్రొటీన్ నుంచి, 63 శాతం కొవ్వు నుంచి, 7 శాతం మాత్రమే పిండిపదార్థం నుంచి వచ్చింది. అన్నం అరిగించుకోగలదు, అవకాశం ఇస్తే మాంసం దగ్గరికి వెళ్తుంది. ఈ రెండూ ఒకే జంతువు గుణాలే.

కోల్‌కతాలోని ఐసర్ సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల్ని ఏళ్ల తరబడి గమనిస్తోంది. పెద్ద కుక్కలు చెత్తలో మాంసం వాసన వచ్చేదాన్ని ముందు ఏరుకుంటాయి. కుక్కపిల్లలు అలా కాదు, మాంసమనీ రొట్టె అనీ తేడా చూడవు. ఆ రుచి పుట్టుకతో రాలేదు, పెరుగుతూ నేర్చుకున్నది. మన ఊళ్లలో కుక్కకు నిజంగా సహజమైన తిండి ఏదని అడిగితే జవాబు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. పెళ్లి పందిరి వెనక ఎంగిలి విస్తళ్లు, చికెన్ కొట్టు వెనక పారేసిన పేగులు, ఎలుకలు, చచ్చిన పశువు, ఊరి బయట మనుషుల మలం. ఇది తిని బతికే కుక్కలు ఎన్నాళ్లు బతుకుతాయో అందరం చూస్తూనే ఉన్నాం. దాన్ని ఎవరూ పొట్లం కట్టి అమ్మడం లేదు.

పొట్లంలో అమ్మేది ఇంకొకటి. తెలుగిళ్లలో ఏ కంపెనీ మేతనైనా పెడిగ్రీ అనే అంటారు, అందుకని ఆ గోళీల పుట్టుక కాస్త చెప్పుకోవాలి. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మాడు. రేవులో ఓడవాళ్లు పారేసిన గట్టి బిస్కెట్లు కుక్కలు తినడం చూసి ఆ ఊహ తట్టిందంటారు. ఇప్పటి గోళీలు వేరే యంత్రం బిడ్డలు. 1957లో అమెరికాలో ప్యూరినా కంపెనీ తెచ్చిన డాగ్ చౌతో ఆ పద్ధతి స్థిరపడింది. తడి ముద్దను వేడి మీద, ఒత్తిడి మీద సన్నటి రంధ్రం గుండా తోస్తారు. బయటికి రాగానే లోపలి నీరు ఆవిరై ముద్ద పొంగుతుంది, కోసి ఆరబెడతారు. పొంగాలన్నా, పొంగినది విరగకుండా నిలవాలన్నా ముద్దలో పిండిపదార్థం ఉండాలి. గోళీలో అంత పిండి ఉండడానికి కుక్క అవసరం కన్నా యంత్రం అవసరం పెద్ద కారణం.

ఈ ఒక్క విషయం తెలిస్తే, ధాన్యం లేని మేత అనే పేరుతో అమ్మినది ఏమిటో కూడా అర్థమవుతుంది. పెట్టె మీద తోడేలు బొమ్మ వేసి బియ్యం, గోధుమ తీసేశారు. యంత్రానికి పిండి కావాలి కాబట్టి వాటి చోట బఠాణీలు, మసూర్ పప్పు, బంగాళాదుంప వేశారు. 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది: ఇలాంటి మేత తినే కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు గురించి ఫిర్యాదులు వస్తున్నాయి, గోల్డెన్ రిట్రీవర్ల వంటి జాతులవీ అందులో ఉన్నాయి. పప్పులే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. 2022 చివర ఆ సంస్థ, కొత్త ఆధారం దొరికితేనే మళ్లీ మాట్లాడతామని చెప్పి ఊరుకుంది.

ప్యాకెట్టు మేత మీద జనానికి అపనమ్మకం ఊరికే రాలేదు. 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో దాదాపు 6 కోట్ల డబ్బాలు, పొట్లాలు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే ప్లాస్టిక్ పరిశ్రమ రసాయనం కలిపారు. ప్రొటీన్ ఎంతుందో కొలిచే మామూలు పరీక్ష నిజానికి నత్రజనిని కొలుస్తుంది, మెలమిన్‌లో నత్రజని దండిగా ఉంది. కాగితం మీద ప్రొటీన్ పెరిగింది, కుక్కల, పిల్లుల మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకున్నాయి. మన పాలవాళ్లు నీళ్లు కలిపితే కనీసం మూత్రపిండాలు మిగిలేవి.

తాజా వంటకు అనుకూలంగా ఉన్న ఆధారమూ ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మనుషులు తినదగిన నాణ్యతతో వండిన తాజా తిండిని, గోళీలను పోల్చి చూశారు. తాజా తిండి ఎక్కువ అరిగింది. గోళీలు తిన్న కుక్కలు వేసిన మలం ఒకటిన్నర నుంచి దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో ఉండి, పొద్దున్నే సంచీ పట్టుకుని కుక్క వెనక నడిచేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తాజా తిండిలో నీరు 70 శాతం దాకా ఉంటుంది, గోళీలో 10 శాతం. అంతమాత్రాన కుక్క ఎక్కువేళ్లు బతుకుతుందని ఇంకా ఎవరూ చూపించలేదు.

ఇక ఇంటి వంట దగ్గరికి వద్దాం. తెలుగిళ్లలో కుక్కకు పెట్టే సహజాహారం ఏదంటే పెరుగన్నం. నూరు గ్రాముల బియ్యం వండి నూరు గ్రాముల పెరుగు కలిపితే, నీరు తీసేసి చూసుకుంటే ప్రొటీన్ ఉజ్జాయింపుగా 10 శాతం. పెద్ద కుక్కకు అమెరికా మేత ప్రమాణం కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకు 22.5. కాల్షియం పెరుగన్నంలో 0.15 శాతం దగ్గర, కావలసింది 0.5. కొవ్వు, జింకు, రాగి, విటమిన్ డి, అయొడిన్ సంగతి చెప్పనక్కర్లేదు. కడుపు పాడైనప్పుడు రెండు పూటలు పెడితే హాయిగా ఉంటుంది. పదేళ్లు పెడితే కుక్క బతకవచ్చు కూడా, ఎందుకంటే అది గోడ దూకి చికెన్ కొట్టు దాకా వెళ్లొస్తూ ఉంటుంది. గేటు దాటనివ్వని అపార్ట్‌మెంట్ కుక్కకు ఆ దారి లేదు.

రెండో కొసకు వెళ్లి ఉడికించిన చికెన్ ముక్కలు మాత్రమే పెట్టేవాళ్లున్నారు. ప్రొటీన్ పుష్కలం, కానీ ఎముక లేని మాంసంలో కాల్షియం ఒక వంతు ఉంటే భాస్వరం 15, 20 వంతులుంటుంది. కుక్కకు కాల్షియం భాస్వరంతో సమానంగానైనా, దానికి రెట్టింపు దాకానైనా ఉండాలి. తక్కువైతే నెత్తుట్లో కాల్షియం పడిపోకుండా ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. అయిదారు నెలల పిల్ల మంచం మీంచి దూకితే కాలు విరుగుతుంది. కిలో ఎముక లేని మాంసానికి ఒక టీస్పూను మెత్తగా పొడిచేసిన గుడ్డు పెంకు సుమారు 2 గ్రాముల కాల్షియం ఇస్తుంది, లెక్క దాదాపు సరిపోతుంది. అలాగని పిల్లకు ఎక్కువ పోస్తే మరో ప్రమాదం. గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల పిల్లలు అదనపు కాల్షియాన్ని బయటికి నెట్టలేవు, వాటికి అతి వల్లనే ఎముకలు పాడవుతాయి.

ఇంట్లో వండేవాళ్లు బద్ధకస్తులని నేననడం లేదు, పుస్తకాలు చూసి వండినా ఇదే గొడవ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం వాళ్లు 2013లో పుస్తకాల్లోనూ ఇతర చోట్లా దొరికిన 200 కుక్క వంటకాలను లెక్కగట్టారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువ. 80 శాతానికి పైగా వంటకాల్లో ఒకటికి మించి తక్కువ. పశువైద్యులు రాసినవీ అందులో ఉన్నాయి. రోజూ వంటకం మారుస్తుంటే లోపాలు ఒకదానికొకటి సర్దుకుంటాయన్న ఆశా నిలవలేదు, చాలా వంటకాల్లో అవే పోషకాలు కొరవడ్డాయి.

మన వంటింట్లో తక్కువైనవాటి కన్నా ముందు ఎక్కువైనవాటిని చూసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఉడికినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయని రెండు దశాబ్దాలుగా తెలుసు, ఎందుకో తెలియదు. ఈ మధ్య అమెరికాలో విషవైద్య కేంద్రం పశువైద్యులు ఒక కారణం ఊహించారు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం. ఆ ఊహకు బలం ఇచ్చినవాటిలో చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కలున్నాయి. చింతపండు పులుపంతా అదే ఆమ్లం. మిగిలిన పులుసు అన్నంలో కలిపి కుక్కకు వేసే ఇంట్లో ఉల్లి, చింతపండు రెండూ ఒకే గిన్నెలో పడుతున్నాయి. పులుసు చుక్క తగిలితే చస్తుందని కాదు, రోజువారీ అలవాటుగా వద్దని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

పచ్చి మాంసం మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది, అది కుక్క గురించి కూడా కాదు. హాలండ్‌లో 2018లో 8 కంపెనీల గడ్డకట్టించిన పచ్చి మాంసం మేతలు 35 పరీక్షిస్తే, 19లో లిస్టీరియా, 8లో ప్రమాదకరమైన ఈ. కోలై, 7లో సాల్మొనెల్లా దొరికాయి. కుక్క వాటిని తట్టుకోవచ్చు, ఆ కుక్క మూతి నాకే పసిపిల్ల తట్టుకోలేకపోవచ్చు. శీతల గిడ్డంగులు, తనిఖీలు ఉన్న దేశంలో పరిస్థితి అది. మన మటన్ కొట్టు దగ్గర ఎండలో వేలాడిన మాంసం సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

దానికి తోడు మన దగ్గర ఎకినోకాకస్ ఉంది. కుక్క పేగుల్లో బతికే, కొన్ని మిల్లీమీటర్ల బద్దెపురుగు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, గొర్రె మేస్తుంది, గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. కబేళాలో ఆ పాడైన ముక్కలు పక్కకు విసిరేస్తారు, కుక్క తింటుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. గుడ్లు మనిషి నోట్లో పడితే మనిషి కాలేయంలో అదే తిత్తి కమలాపండంత, కొబ్బరికాయంత పెరుగుతుంది. భారతదేశంలో ఈ జబ్బు ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఆంధ్ర ఒకటి. కుక్కకు పచ్చి అవయవాలు పెట్టొద్దని ఐస్‌లాండ్‌లో 1860ల్లోనే ఇంటింటికీ కరపత్రం పంచారు. న్యూజీలాండ్‌లో 1959లో చట్టం చేశారు, 2002కి జబ్బు లేని దేశంగా ప్రకటించుకున్నారు. వాళ్లు కొత్త మందేమీ కనిపెట్టి గెలవలేదు. కార్జం ఉడకబెట్టి పెట్టడం, కుక్కలకు పురుగుల మందు వేయడం, అంతే.

వండి పెట్టదలచుకున్నవాళ్లు వండి పెట్టొచ్చు. మెత్తగా ఉడికిన అన్నం, మాంసం లేదా గుడ్డు, వారానికి ఒకట్రెండు సార్లు కొంచెం కార్జం, చేప, లెక్క ప్రకారం కాల్షియం, వైద్యుడు సూచించిన ఖనిజ, విటమిన్ మిశ్రమం. ఉప్పు, కారం, తాలింపు వేయక ముందే కుక్క వాటా పక్కకు తీస్తే పని తేలిక. ఉడికిన ఎముకలు చీలి పేగుల్ని కోస్తాయి, అవి మాత్రం వద్దు. పశువుల పోషకాహారం చదువుకున్న వైద్యుడికి ఒకసారి వంటకం చూపించడం, పక్కింటివాళ్ల కుక్క బాగానే ఉందన్న హామీ కన్నా మేలు.

గిన్నెలో ఏముందన్న చర్చ ఇంత సాగాక, గిన్నె ఎంత నిండిందన్నది చాలామంది అడగరు. 48 లాబ్రడార్ పిల్లల్ని 24 జతలు కట్టి, ఒకే మేత పెట్టి, జతలో ఒకదానికి మాత్రం 25 శాతం తక్కువ వేస్తూ చచ్చేదాకా గమనించిన ప్రయోగం 2002లో అచ్చయింది. తృప్తిగా తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్ల నొప్పులూ వీటికి ఆలస్యంగా వచ్చాయి. రెండు జట్లూ తిన్నది కంపెనీ మేతే. పచ్చిదా వండిందా, ధాన్యం ఉందా లేదా అన్న వాదనల్లో ఇంత స్పష్టమైన అంకె ఇప్పటిదాకా ఏ పక్షమూ చూపలేదు.

పశువైద్యులు కుక్క ఒంటిని 1 నుంచి 9 దాకా కొలుస్తారు, 4, 5 సరైనవి. కుక్క వెనక నిలబడి రెండు చేతులూ పక్కల మీద వేస్తే ఎముకలు పలచటి పొర కింద తగలాలి, పైనుంచి చూస్తే నడుము లోపలికి నొక్కుకుని ఉండాలి. నాకు తెలిసిన ఇంటి లాబ్రడార్లలో చాలావాటికి పక్కటెముకలు వెతుక్కోవాల్సిందే. వాటిలో ప్యాకెట్టు మేత తినేవీ ఉన్నాయి, ఇంట్లో చికెన్ వండించుకు తినేవీ ఉన్నాయి.